బాధితులు మాత్రమే

“డైరెక్టరుగారు లోపల లేరు కదమ్మా?”

మెట్ల మీదే ఆగి అడిగాడు ఆ పెద్దాయన.

దేవిక కంప్యూటరు మీంచి తల ఎత్తింది. “ఏ డైరెక్టరుగారు?”

“రైల్వే ఉద్యోగాల వెబ్‌సైటు పెట్టాడే, ఆయన.”

“లేరు. ఆయనంటే అంత భయమా?”

“భయమేనమ్మా,” అంటూ లోపలికి వచ్చి, కుర్చీ చూపించకపోవడంతో నిలబడే ఉన్నాడు.

సికింద్రాబాదులో సందుకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మొలుస్తున్న రోజులవి. మోండా మార్కెట్ వెనక, స్టీలు సామాన్ల కొట్టు పై అంతస్తులో రాజబాబు జనం వెబ్‌సైట్లకు చోటు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు. పశువుల సంతలో గుంజలు పాతి అద్దెకివ్వడం లాంటిదేనని విజయనగరంలో ఉన్న వాళ్ల నాన్నకు వివరించి చెప్పాడు. ఎవరి పశువు ఎవర్ని పొడిచినా ఫిర్యాదు వినాల్సింది మాత్రం దేవిక.

“ఆ సైటు ఆపించాలమ్మా. అందులో చెప్పిన ఉద్యోగాలు లేవు. పాపం, పిల్లలు నమ్మేస్తున్నారు.”

“ఆపడానికి పద్ధతుంటుందండీ.”

“మోసానికి వాడితే ఆపేస్తామని మీ నిబంధనల్లోనే ఉంది కదా. మొత్తం చదివాను.”

దేవిక ఆశ్చర్యంగా చూసింది. ఆ నిబంధనలు చదివిన మనిషిని చూడటం ఆమెకు అదే మొదలు. ఏదో అమెరికా కంపెనీవి రాజబాబు ఉన్నవున్నట్టు దించేశాడు. తగువొస్తే కాలిఫోర్నియా కోర్టులో తేల్చుకోవాలన్న మాట కూడా అందులో అలాగే ఉండిపోయింది.

లోపలి గదిలోంచి రాజబాబు కేకేశాడు. “ఏటండీ, ఈ వయసులో మీకు రైల్వే ఉద్యోగం కావాలేటి?”

దేవిక నవ్వాపుకుంది.

పెద్దాయన కూడా నవ్వాడు. “చేసి రిటైరయ్యాను బాబూ. లాలాగూడ వర్క్‌షాపులో.”

“మరి మీకేటి నొప్పి?”

దేవిక అందుకుంది. “చదివానన్నారుగా తాతగారూ. బాధితులు మాత్రమే ఫిర్యాదు చేయాలని కూడా ఉంది. దారిన పోయేవాళ్లు చేస్తే చెల్లదు. మీరు బాధితులా?”

ఆయన వెనక్కి తిరిగి మెట్ల వైపు ఓసారి చూశాడు.

“రాసుకోమ్మా. బాధితుణ్ణే.”

“మీ దగ్గర ఏం తీసుకున్నాడు?”

“అది వద్దు తల్లీ. దేవానందం, లాలాగూడ, చర్చి వెనక సందు. అంతవరకు రాయి.”

ఆయన మెట్లు దిగగానే రాజబాబు తేల్చేశాడు. “పోటీవోడెవడో పంపించుంటాడు. పక్కన పెట్టీ.”

దేవిక పక్కన పెట్టింది. డైరెక్టరుగారంటే ఆఫీసులో అందరికీ ఇష్టం. కుర్రవాడే. మెడలో టై, బేగంపేటలో ఆఫీసు, వచ్చినప్పుడల్లా చేతిలో బేకరీ బిస్కెట్ల పొట్లం. చీపురు పట్టే ఎల్లమ్మను కూడా “అమ్మా” అని పిలుస్తాడు.

శనివారం ఆ ఎల్లమ్మే ఊడుస్తూ ఊడుస్తూ ఆగింది.

“మేడం, సోమారం జెర లేటుగ అస్త.”

“ఏం పని?”

“మా పోరనికి రైల్వేల నౌకరి అస్తుంది మేడం! కంప్యూటర్ల పేరు రాసిండు. సోమారం పైసల్ కట్టుమన్నరు. గందుకే కడియాలు అమ్మనీకి పోతున్న.”

దేవిక ఆమె కాళ్ల వైపు చూసింది. అరిగి నున్నబడిన వెండి కడియాలు.

“ఏ కంప్యూటర్‌లో ఎల్లమ్మా?”

“గదే, మన బిస్కెట్ల సారుది.”

దేవిక లేచి రాజబాబు గదిలోకి వెళ్లింది. ఎల్లమ్మ కొడుకు సంగతీ, ఆ పెద్దాయన పెట్టిన ఫిర్యాదు సంగతీ చెప్పింది.

“మంచి కస్టమరమ్మా...” రాజబాబు నసిగాడు.

గుమ్మంలో చీపురుతో ఎల్లమ్మ. “ఏందీ సార్? గది ఉత్తదేనా?”

రాజబాబు ఆమె మొహం చూడలేకపోయాడు. ఫోనందుకుని, రైల్వే ఆఫీసులో పని చేసే తన ఊరివాణ్ణి అడిగాడు. అవతలి మనిషి నవ్విన నవ్వు గదిలో అందరికీ వినబడింది.

“ఆపీమ్మా,” అన్నాడు ఫోన్ పెట్టేసి.

దేవిక ఆపేసింది.

అరుస్తూ వస్తాడనుకున్న డైరెక్టరు రానూ లేదు, ఫోనూ చేయలేదు.

“గా పెద్దాయన దేవుని లెక్క అచ్చిండు మేడం,” అంది ఎల్లమ్మ కళ్లొత్తుకుంటూ. “కూసోబెట్టి చాయ్ అన్న పోస్తిరా?”

దేవిక పక్కన పెట్టిన ఫిర్యాదు కాగితం తీసి, ఆయన చిరునామా చూసింది.

ఆదివారం ఎల్లమ్మ మార్కెట్లో సీతాఫలాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరింది. దేవికను వెంటబెట్టుకుని లాలాగూడ వెళ్లింది. చర్చి వెనక సందులో దేవానందం ఇల్లు అడగ్గానే చూపించారు.

“ముందు నేను మాట్లాడతాను ఎల్లమ్మా. క్షమాపణ చెప్పాలి.”

“నేను సుత కాళ్లు మొక్కాలె. ఆగుండ్రి, నేనే ముందు.”

ఇద్దరూ తలుపు దగ్గర తోసుకుంటుండగానే అది తెరుచుకుంది.

ఎదురుగా బనీనులో డైరెక్టరు.

వాళ్లను చూసి కొయ్యబారిపోయాడు. ఎల్లమ్మ చేతిలోని పళ్లు చూశాడు, ఆమె కాళ్ల కడియాలు చూశాడు, తల దించుకుని పక్కకు తప్పుకుంటూ ఇంట్లోకి కేకేశాడు.

“నాన్నా, నీ కోసం వచ్చారు.”