ముత్తాత సెల్యూట్

“ముట్టుకోకు అమ్మమ్మా! ముత్తాత చెయ్యి ఇంకా ఆరలేదు.”

ఐలీ చేసిన మట్టి సైనికుడు జానెడున్నాడు. మోకాళ్ళదాకా గళ్ళ లంగాలాంటి కిల్టు, కుచ్చు టోపీ, నుదుటి దగ్గర సెల్యూట్. పక్కనే ముత్తాత పాత ఫొటో.

“అరచెయ్యి బయటికి తిప్పావేమే?” అంది గ్రిజెల్.

“మన స్కాట్లాండ్ హైలాండ్ సైనికుడి సెల్యూట్ అలాగే ఉండాలి. ఫొటోలో లోపలికి పెట్టాడు. నేను దిద్దాను.”

“సెల్యూటా నీ మొహమా! మా నాన్న దోమని కొట్టుకున్నాడే. ఆ ఫొటో తీసింది నేనే.”

“మరి ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ దానికి తిరిగి సెల్యూట్ కొట్టాం కదా!”

“ఆయన యుద్ధంలో పోయాక మా అమ్మ ఏడుస్తూ మొదలెట్టింది. దోమ అని ఎలా చెప్పను?”

ఐలీ అరచెయ్యి లోపలికి తిప్పింది. సన్నటి కుంచెతో ముత్తాత ముక్కుమీద నల్లచుక్క పెట్టింది.

గ్రిజెల్ కళ్ళద్దాలు సర్దుకుంది.

“ఒక్కటేనా? ఇంకో పది పెట్టవే. మన దోమ ఏనాడైనా ఒంటరిగా వచ్చిందా?”