చైను పక్క పైకి

జర దగ్గరికి జరుగు దీక్షితా. గా ఫోన్ బోర్లేసి పెట్టు. మీ తాత అలిగిన ముచ్చట చెప్త. నువ్వప్పుడు మీ అమ్మ సంకల ఉంటివి.

మీ తాత రాజమల్లు నాకు తోడబుట్టిన తమ్ముడు. చిన్నప్పటిసంది గంతే, అలిగిండంటే ఎవలు బతిమాలినా అన్నం తినేటోడు కాదు. ఆ రోజు పొద్దుగాల్నే మన మెట్టచెలక కాడ విస్తరి ఏసినం. అన్నం, బోటికూర, జొన్నరొట్టె, ఈతకల్లు, అన్నీ ఆయనకు ఇష్టమైనయే. మీ నాయినమ్మ రాధమ్మ తన చేత్తోని వడ్డించింది. "తినరాదు తమ్మీ" అని నేను బతిమాలిన. మీ నాయిన కరుణాకర్ దండం పెట్టిండు. ఒక్క మెతుకు ముట్టలే.

"ఎందుకు ముడతడు?" అన్నది రాధమ్మ, కొడుకు దిక్కు చూసుకుంట. "సైకిల్ ఎత్కపోతివి గదరా."

గది నిజమే. మీ తాతది నల్ల సైకిల్. ఎనక చీరెల మూట కట్టుకొని నర్మెట్ట చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగి అమ్మేటోడు. చీరెలు అమ్ముడు బందైనా తొక్కుడు బంద్ కాలే. పొద్దున లేస్తే ముందు దానికి నూనెగుడ్డ, తర్వాతనే తనకు చాయ. కండ్లు మసకొచ్చి ఓనాడు ట్రాక్టర్ కింద పడబోయిండు. గప్పుడు మీ నాయిన "రిపేరు చేయించి తెస్త బాపూ" అని చెప్పి సైకిల్‌ను జనగామకు తీస్కపోయిండు. అక్కడ మీ ఇంటి మెట్ల కింద పెట్టి తాళమేసిండు.

మీ తాత రోజూ ఫోన్ చేసేటోడు. "అయిందారా రిపేరు?"

"వచ్చే ఐతారం బాపూ."

ఐతారాలు వచ్చినయ్, పోయినయ్.

రాధమ్మ ఆ మాట అనంగనే మీ నాయిన కారు తాళం తీసిండు. "అత్తా, నువ్వు గూడ రా. నా ఒక్కనితోని కాదు" అన్నడు.

"పొద్దు నెత్తి మీదికి రాకముందే రావాలె" అని ఎనకనుంచి చుట్టాలు మొత్తుకున్నరు.

జనగామల చూస్తే సైకిల్ నిండ దుమ్ము. మీ నాయిన అంగి కొసతోనే తుడిచిండు. డిక్కీ లేపి ఉన్నదున్నట్టే దూర్చబోయిండు. హ్యాండిల్ తలుపుకు ఒరిసేటట్టున్నది.

"ఆగు అల్లుడా" అన్న. "గీత పడ్డదంటే మల్ల అలుగుతడు. గప్పుడేం జేస్తవు?"

"కారు మీద కడుదామా?"

"తాడు ఒరిసి రంగు పోతది. సైకిల్ ట్రాక్టర్ల ఏసేటప్పుడు మీ బాపు ఎట్ల ఏస్తుండెనో యాది జేస్కో."

మీ నాయిన ఎనక సీటు మడిచి గోనెసంచులు పరిచిండు. పానాతోని ముందు చక్రం విప్పిండు. సీటు కిందికి దించిండు, హ్యాండిల్ పక్కకు తిప్పిండు. చక్రం ఊడిన కొసలకు, పెడళ్లకు పాత చీరెలు చుట్టినం. ఇద్దరం పట్టి పండవెడుతుంటే "చైను పక్క పైకి" అన్నడు. "చైను మీద బరువు పడొద్దు అత్తా. బాపు గట్లనే అనేటోడు."

మీ ఇంటి కింద కిరాణం దుకాణం కల్యాణ్ మమ్మల్ని చూసి నవ్విండు. "ఏందన్నా, బాలింతను తీస్కపోయినట్టు తీస్కపోతున్నవ్? పాత ఇనుపసామానోడు సుత తీస్కోడు దాన్ని."

మీ నాయిన చీరె కొంగుకు ఇంకో ముడేసిండు.

నేను ముందు సీట్ల కూసొని చక్రాన్ని ఒళ్లె పెట్టుకున్న. హ్యాండిల్ రెండు సీట్ల నడుమకు వచ్చింది. దేనికీ తగలకుండ నా అరచెయ్యి అడ్డం పెట్టిన. ఎంత మెల్లగ నడిపినా, గతుకొచ్చినప్పుడల్లా సైకిల్ బెల్లు దానంతటదే ట్రింగుమన్నది.

"బాపు ఎవల్ని పక్కకు జరగమంటున్నడు అత్తా?" అన్నడు మీ నాయిన. నవ్వబోయిండు. నవ్వు రాలే.

నర్మెట్ట దగ్గరపడ్డంక మల్ల అన్నడు. "ఒక్క ఐతారం తెచ్చిచ్చినా అయిపోతుండె. ఎంబడి నేను నడుస్తుంటి. చెలక దాకన్న తొక్కుకునేటోడు."

"ముందు చూసి నడుపు నాయినా."

"తింటడా అత్తా?"

"తింటడు. నువ్వు గతుకు చూస్కో."

మేం పోయేసరికి పొద్దు నెత్తి మీదికి వస్తున్నది. అందరు దూరం జరిగి నిలబడ్డరు. రాధమ్మ కొంగు నోట్ల కుక్కుకొని కూసున్నది. విస్తరిల అన్నం పెట్టింది పెట్టినట్టే ఉన్నది.

మీ నాయిన చీరెలు విప్పి చక్రం బిగించిండు. నట్టు జారి మట్టిల పడ్డది. మీ అమ్మ నీరజ నిన్ను సంకల ఏసుకొనే వంగి ఎతికిచ్చింది. చక్రం తిప్పి చూసిండు. ఎక్కడా ఒక్క గీత పడలే. హ్యాండిల్ పట్టుకొని మెల్లగ నడిపించుకుంట ముందుకు పోయిండు.

"రిపేరు అయింది బాపూ" అన్నడు. "తిను."

యాది పెట్టుకో బిడ్డా, రేపు నీ పిల్లలకు గూడ నేను చెప్పినట్టే చెప్పు: మీ నాయిన గా సైకిల్‌ను మీ తాతను పూడ్చిన బొంద పక్కన స్టాండేసి నిలవెట్టినంకనే, తుమ్మకొమ్మ మీది కాకి కిందికి దిగి గా విస్తరిల మొదటి మెతుకు ముట్టింది.