ఇంటిపేరు, కామా, పొడి అక్షరం

జన్మకంతటికీ నేను అచ్చేయించుకున్న వ్యాసం ఒక్కటే, చెదపురుగుల మీద. ఉద్యోగ విరమణ తర్వాత ఊసుపోక కంప్యూటర్లో నా పేరు వెతికితే, ఎవరెవరో రాసిన వ్యాసాల చివర ఆధారాల పట్టికల్లో ఇంటిపేరు, కామా, పొడి అక్షరంతో నేనే కనిపించాను. ఒకచోటా రెండుచోట్లా కాదు, ఎక్కడ చూసినా నేనే. ఆ పూట నా కాళ్లు నేలమీద ఆనలేదు.

పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసి గొప్పలు పోయాను. భోజనాల దగ్గర కోడలికీ చెప్పాను. ఆమెదీ చెదపురుగుల పరిశోధనే. కంచంలో వేళ్లు ఆడిస్తూ అడిగింది.

"మామయ్యా, వ్యాసాల పేర్లు కూడా చూశారా?"

"నా పేరుంటే చాలదూ?"

"పట్టికల్లో పూర్తి పేరు వెయ్యరండీ. ఇంటిపేరు ఉంచి, అసలు పేరుని మొదటి అక్షరానికి కుదించేస్తారు. మన పేర్ల మొదటి అక్షరం ఒకటే, పెళ్లయ్యాక ఇంటిపేరూ ఒకటే అయిపోయింది. అవన్నీ... నా వ్యాసాలు."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచినీళ్లకని లేచి వెళ్లింది.

"అయితే నన్ను ఒక్కరూ తలుచుకోలేదన్నమాట."

"ఒకరు తలుచుకున్నారు. నేనే, నా మొదటి వ్యాసం చివర. అచ్చుకు ముందు దాన్ని సరిచూసినాయన మీ వ్యాసమూ నాదేననుకుని కొట్టేయమన్నాడు. నా డబ్బా నేనే కొట్టుకుంటున్నానట."

"కొట్టేశావా?"

"ఎలా కొట్టేస్తాను? ఇది మా మామగారిది, కాలేజీలో ఇది చదివే నేను ఈ దారి పట్టాను అని జవాబు రాశాను. ఉంచారు."

చెయ్యి కడుక్కుని పాత సహోద్యోగులందరికీ మళ్లీ ఫోన్లు చేశాను, ఈసారి కోడలి గొప్పలు చెప్పడానికి.