డబ్బాల మీది చీటీలు

“ఈ నెల సరుకులేం కొనొద్దండీ. అలమరలో ఉన్నవే వాడేద్దాం,” అంది ఆమె.

భర్త లిఫ్టు మెకానిక్. బూట్ల లేసులు విప్పుకుంటున్నవాడల్లా తలెత్తాడు. కంపెనీలో ఓవర్‌టైం ఆపేసి రెండు వారాలైంది. ఇంటిఖర్చు తగ్గించమని మూడు నెలల పెళ్లాన్ని ఏ మొహం పెట్టుకుని అడగాలా అని కిందామీదా పడుతున్నాడు. అడక్కుండానే పని అయిపోయింది.

“నీలా అర్థం చేసుకునే మనిషి...” అని ఏదో అనబోయి, సిగ్గుపడి, స్నానానికి వెళ్లిపోయాడు. మాటలు పొదుపు చేయడంలో అతన్ని మించినవాడు లేడు.

డబ్బు పొదుపు సంగతి దేవుడెరుగు. ఆమె బాధ వేరు.

వంటింటి అలమరలో ఇరవై రెండు డబ్బాలున్నాయి. ప్రతి డబ్బా మీదా తెల్ల చీటీ. చీటీ మీద గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేకుండా. ఉప్పు, పప్పు అని రాసి ఊరుకుంటే బాగుండేది. కింద సలహాలు కూడా.

‘శనగలు. ముందురోజే నానబెడితే గ్యాసు కలిసొస్తుంది.’

‘మిరియాలు. ఘాటెక్కువ. నాలుగు చాలు.’

‘బఠాణీలు. మూత బిగుతు. చెయ్యి కోసుకోకు, నన్ను పిలువు.’

నన్ను పిలువట!

అతనికిది రెండో పెళ్లి. మొదటావిడ జబ్బుచేసి పోయి రెండేళ్లు. ఆ సంగతి ముందే చెప్పారు, ఈమె ఒప్పుకునే చేసుకుంది. హాల్లో ఫొటో ఉంటుందని తెలుసు. ఆ ఫొటో దుమ్ము రోజూ తనే తుడుస్తుంది కూడా. కానీ వంటింట్లో నిలబడి పెత్తనం చేసే సవతి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బతికున్న మనిషైతే ఓ మాట అని, ఓ మాట పడొచ్చు. పోయిన మనిషితో పోట్లాడేదెలా? ఒక్క తప్పూ చెయ్యదు.

కాపురానికొచ్చిన రోజే అతను అడిగాడు, “అలమర చూశావా?” అని.

“చూశాను. చాలా పద్ధతిగా ఉంది,” అంది మూతి బిగించి.

అతని మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఓ మధ్యాహ్నం తనూ కాగితం మీద అలా గుండ్రంగా రాయబోయింది. అక్షరాలు చీమలు పాకినట్టొచ్చాయి. కాగితం చింపి పొయ్యి కింద తోసేసింది.

అందుకే ఈ పొదుపు. డబ్బా ఖాళీ అయితే కడగాలి. కడిగితే చీటీ ఊడుతుంది. ఎవరూ వేలెత్తి చూపలేరు.

సోమవారం శనగలు. మంగళవారం మాకరోనీ. బుధవారం మళ్లీ శనగలు. పెళ్లిదాకా అతను క్యాంటీనులో తిన్నాడు, పెళ్లయ్యాక ఆమె ఆ డబ్బాలు ముట్టకుండా విడిగా కొన్న పొట్లాలతోనే వండింది కాబట్టి డబ్బాలన్నీ నిండుగానే ఉన్నాయి. రెండేళ్లనాటి సరుకైనా ఒక్క పురుగు లేదు. పురుగులక్కూడా ఆవిడంటే హడలు కాబోలు అనుకుంది. ఎంతకీ తరగడం లేదని పక్కింటికి కూడా గిన్నెలు పంపింది. పొదుపు చేసేవాళ్లు పంచిపెడతారా అని ఆమెనెవరూ అడగలేదు, మీరూ అడక్కండి.

“ఇంకో వారం ఇవే పెడితే నేను సకిలిస్తానేమో,” అన్నాడు అతను శనగల గిన్నె చూసి.

అతను జోకు వేయడం అదే మొదలు. ఆవిడతో రోజూ వేసేవాడేమో అనుకుని ఆమె నవ్వలేదు.

పదో డబ్బా మిరియాలది. ఖాళీ చేసే తొందరలో, నాలుగు చాలన్నచోట నలభై పడ్డాయి. అతను కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిని, చెయ్యి కడుక్కోవడానికి సింకు దగ్గరికొచ్చి ఆగాడు.

“చీటీ తీసేశావేం?”

“జిడ్డు పట్టిందండీ.”

“ఓహో.”

కాసేపటికి ఆమె తలుపు సందులోంచి చూసింది. అతను చెత్తబుట్టలోంచి ఆ చీటీ తీశాడు. స్పానర్లు పట్టే మొరటు వేళ్లతో ముడతలు సాపుచేశాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు, దొంగచాటుగా.

ఆమెకి ఆ కన్నీళ్లు మిరియాలవి కావేమో అనిపించింది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మర్నాడు రెండు డబ్బాలు ఒకేసారి కడిగేసింది.

నెలాఖరుకి ఒక్కటే మిగిలింది. ‘ఎండుద్రాక్ష. ఎవరికోసమూ దాచకు. నువ్వే తిను.’

అబ్బో, గారాబం! అలమర ముందు నిలబడే గుప్పిళ్లకొద్దీ నమిలేసింది, శత్రువుని నమిలినట్టు. డబ్బా నీళ్లలో ముంచి చీటీ గీకుతుండగా వీధి తలుపు చప్పుడైంది. భర్త అక్కగారు. వెనకవీధిలో కుట్టుపని చేస్తుంది. దుకాణం మూశాక ఇటుగా వచ్చి టీ తాగి వెళుతుంటుంది.

“ఏంటమ్మాయ్, డబ్బాలన్నిటికీ గుండు కొట్టించావ్?”

“ఎన్నాళ్లని ఆవిడ రాతలు చదవను వదినా? ఈ వంటిల్లు నాదో ఆవిడదో తేలిపోవాలి. రేపు కొత్త సరుకులొస్తాయి. చీటీలు నేనే రాస్తాను. వంకరగా వచ్చినా సరే.”

“ఎవరి రాతలు?”

“ఇంకెవరివి? మొదటావిడవి.”

ఆడపడుచు చేతిసంచి బల్ల మీద పెట్టింది. తడిచీటీని గోటితో ఎత్తి చూసింది. కుర్చీ లాక్కుని కూలబడింది. నవ్వాలో, మొట్టికాయ వెయ్యాలో తేల్చుకోలేనట్టు మరదలి వంక చూసింది.

“పిచ్చిమొహమా, ఆవిడ సామానంతా రెండేళ్ల కిందటే నేను పట్టుకుపోయాను, నువ్వొచ్చి దేనికీ తడుముకోకూడదని పెళ్లికి ముందు వారం సెలవు పెట్టి ఈ డబ్బాలు కొని, నింపి, చీటీలు రాసింది మా తమ్ముడే!”