గట్టు మార్చిన ఎలుగు

ఆరు దాటి పది నిమిషాలైంది. ఎలుగు రాలేదు.

నికాండ్రో దుర్భిణి దించాడు. మళ్ళీ ఎత్తాడు. వెనక ఇరవై ఇద్దరు యాత్రికులు మడత కుర్చీల్లో, మూరెడేసి కెమెరాలతో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఇటలీ దక్షిణం అంతా చుట్టబెడుతున్న ఆ బస్సు మొలీజె కొండల్లో ఆగిందే ఎలుగుబంటి కోసం.

ఈ బస్సు యాత్రలు నడిపించే లవీనియా గారు పొద్దున్నే తేల్చి చెప్పేశారు. ఈ లోయలో గైడ్లు ఇద్దరు. వచ్చే ఏడాది నుంచి బస్సులన్నీ ఒక్కరికే. ఎలుగుని ఎవరు చూపిస్తే వాళ్ళకి. నికాండ్రో మీసాల్లో నవ్వుకున్నాడు. అవతలి గట్టు గైడు రుగ్గేరో ఏం చూపిస్తాడు? ఎండిపోయిన తోడేలు పెంట చూపించి, దాని మీద అరగంట ఉపన్యాసం ఇచ్చి పంపిస్తాడు.

నికాండ్రో సంగతి అలా కాదు. ఏడు వేసవులుగా సాయంత్రం ఆరింటికల్లా ఎదుటి వాలు మీద, చెట్ల అంచున ఎలుగు కనిపించాల్సిందే. రెండు కాళ్ళ మీద లేచి గాలి పీల్చేది. చెట్టుకి వీపు రుద్దుకునేది. అయిదు నిమిషాలుండి అడవిలోకి పోయేది. వానలో మాత్రం వచ్చేది కాదు. బొచ్చు తడిస్తే బరువెక్కువని నికాండ్రో చెబితే యాత్రికులు శ్రద్ధగా రాసుకునేవారు. మూడువందల మీటర్లకన్నా దగ్గరికి అతను ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. మనుషుల్ని చూస్తే వాడు బెదిరిపోతాడనేవాడు. ఎప్పుడూ 'వాడు' అనే అనేవాడు. ప్రేమగా పెంచుకున్న కుక్కనైనా మనం అలాగే అంటాం కదా.

రోజూ ఆ వాలు మీది బండ వెనక పియర్ పళ్ళూ, గొర్రె జున్నూ పెట్టి వచ్చేవాడు. కూతురి పెళ్ళినాడు కూడా అది మానలేదు.

ఉన్నట్టుండి వాగు అవతల నుంచి చప్పట్లు వినిపించాయి. కెమెరాలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి.

రుగ్గేరో గట్టు మీద, రుగ్గేరో మనుషుల ముందు, ఎలుగు రెండు కాళ్ళ మీద నిలబడి గాలి పీలుస్తోంది.

అది వేరే ఎలుగేమో అని ఒక ముసలాయన ఓదార్చబోయాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచే ఆ నడక నికాండ్రోకి తెలియనిదా? వేరే ఎలుగైతే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాడు కూడా. ఈలోగా లవీనియా గారు కుర్చీలు మడిపించి, అందర్నీ వాగు మీది వంతెన దాటించి తీసుకుపోయారు. నికాండ్రో వంక కనీసం చూడలేదు.

ఊళ్ళోకి వస్తుంటే కాఫీ కొట్టు అరుగు మీద నుంచి రుగ్గేరో పలకరించాడు.

"ఏం నికాండ్రో, మీవాడు ఇల్లు మారాడట కదా. చెప్పనైనా లేదా నీకు?"

కొట్లో అందరూ నవ్వారు. నికాండ్రో తల వంచుకుని ఇంటికి పోయాడు.

భోజనాల దగ్గర అతను ముద్ద ముట్టలేదు. ఏడేళ్ళ నమ్మకానికి ఇంత వెన్నుపోటా అని ఒకటే గొణుగుడు. అతని భార్య అస్సుంటాకి మొదట్నుంచీ వాడంటే ప్రాణం. ఇవాళ కూడా వాడి తరఫే మాట్లాడింది.

"వాడి కాలు బాగాలేదని నేనెన్నిసార్లు చెప్పాను? విన్నావా? ఎండని కూడా చూడకుండా రోజూ ఆ కొండ ఎక్కించావు. నీ పియర్ పళ్ళు నువ్వే తిను."

"నేను పెట్టిన తిండి తిని ఆ దరిద్రుడి పంచన చేరతాడా? బస్సులన్నీ పోయాయే, తెలుస్తోందా నీకు? రేపట్నుంచి నేను ఎవరికేం చూపించాలి?"

అస్సుంటా గిన్నెలు తీసేసింది.

మర్నాడు సాయంత్రం నికాండ్రో గోడకున్న తుపాకీ మీద చెయ్యి వేశాడు. అస్సుంటా పరుగున వచ్చి అడ్డం నిలబడింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. దాన్ని తీశావంటే మళ్ళీ ఈ గడప తొక్కొద్దంది. అతను తుపాకీ వదిలేసి, ఉత్త చేతులతో బయటికి నడిచాడు.

వాగు దాటి, రుగ్గేరో కంట పడకుండా వెనకవైపు నుంచి గట్టెక్కాడు. అయిదున్నరకల్లా అడవిలో ఉన్నాడు. ఎక్కువ వెతకనక్కరలేకపోయింది. ఎలుగు ఒక మానుకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవలేదు. పారిపోనూ లేదు.

నికాండ్రో పదడుగుల దూరంలో ఆగిపోయాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో.

"ఏడేళ్ళురా," అన్నాడు. "నీకు పెట్టకుండా ఒక్కనాడు నేను తిన్నానా? పోతే పోయావు. లోయలో ఇన్ని కొండలుండగా నీకు ఈ రుగ్గేరో గట్టే దొరికిందా? ఊళ్ళో నేనింక తల ఎలా ఎత్తుకోను?"

ఎలుగు తల దించుకుంది. నికాండ్రో చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తన వల్ల ఏం తప్పు జరిగిందో అదొక్కటీ చెబితే చాలు, వెళ్ళిపోతానన్నాడు.

ఎలుగు పెద్దగా నిట్టూర్చి, ఏటా కార్నివాల్‌కి ఊరి వీధుల్లో ఆడే ఎలుగు వేషం తలని రెండు చేతులతో ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని, "రుగ్గేరో ఆదివారాలు సెలవిస్తానన్నాడని అక్కే వెళ్ళమంది బావా," అన్నాడు.