మొదటి గేరు

ఫోర్డ్ బండిలో పోటీ కంపెనీ షెవర్లే ఇంజిన్ పెట్టినందుకు మా మేనమామ నాతో మాటలు మానేశాడు. బండి రోడ్డెక్కకముందే ఆయన పోయాడు; అంత్యక్రియలకు నేను వెళ్లలేదు. ఆయన కూతురు వెర్నా మాత్రం బండి బయటికి తీసిన మొదటి రోజే వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ రోజు మొదటి గేరు వేస్తే బండి వెనక్కి నడిచింది. వెనక ఇరుసులో పళ్లచక్రాన్ని పొరపాటున తిరగేసి బిగించాను మరి. వీధి వీధంతా చూస్తోంది. వెర్నా పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఏమయ్యా హార్లన్, మా నాన్న దగ్గరికే తీసుకుపోతున్నావా ఏంటి?”

“నోరు మూసుకుని దిగు.”

దిగింది. మర్నాడే ఇరుసు విప్పి సరిచేశాను. నలభై ఏళ్లుగా బండి ముందుకే నడుస్తోంది. వెర్నా మళ్లీ అందులో ఎక్కలేదు. “దిగమన్నావుగా,” అనేది. నేనూ రమ్మని అడగలేదు. కిందటి చలికాలంలో ఆమె పోయింది.

బండి అమ్మేశాను. కొన్నవాడు రేపు పొద్దున వస్తాడు. ఈ రాత్రి ఆఖరిసారి నడుపుదామని బేకర్స్‌ఫీల్డ్ ఊరి అవతల, చమురు బావుల మధ్య రోడ్డు మీదికి తెచ్చి ఆపాను. చమురు తోడే పంపుల కిర్రు తప్ప మరో చప్పుడు లేదు.

“ఎక్కవే వెర్నా,” అన్నాను ఖాళీ సీటుతో.

పంపుల కిర్రు ఆగిపోయింది. పక్క సీటు స్ప్రింగు మెల్లగా కుంగిన చప్పుడైంది. నేను అటు చూడలేదు. మొదటి గేరు వేసి క్లచ్చు వదిలాను.

బండి వెనక్కి నడిచింది.

గేరు తడిమి చూసుకున్నాను. మొదటిదే. వెనక రోడ్డంతా చీకటి. నేను బ్రేకు తొక్కలేదు.