ఐదో పిడికెడు

"ఐదు. నేను చూస్తానే ఉండాను. నాలుగు కాదు, ఐదు" అంది ఎస్తేరు, చేట పక్కన పెడుతూ.

"ఇంత బాగా లెక్కలొస్తే మెట్రిక్కు ఎట్ల తప్పితివే?" అంది తల్లి రాహేలమ్మ. బిస్కెట్ల డబ్బా మూత నొక్కి గూట్లో పెట్టేసింది.

యాకోబప్ప మిల్లులో పగటి షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. ఇంకా కాఫీ అయినా తాగలేదు. ఈ తగువు పొద్దుటి నుంచీ నడుస్తోంది. తారీఖు ఇరవై మూడు. బియ్యం డ్రమ్ము అడుగు అప్పుడే కనిపిస్తోంది. రేషన్ బియ్యం మళ్లీ వచ్చేది ఒకటో తారీఖునే.

లింగరాజపురంలో వాళ్ల తెలుగు చర్చి సంఘం ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు, ఇంట్లో ఎంతమంది తింటారో అన్ని పిడికెళ్లు తీసి డబ్బాలో వేస్తారు. ఒక్కో పిడికెడుకూ ఒక్కో పేరు, ఒక చిన్న ప్రార్థన. ఆదివారం ఆ డబ్బా గుడికి పోతుంది. అక్కడి నుంచి లేనివాళ్ల ఇళ్లకు.

ఈ ఇంట్లో తినేది నలుగురు. యాకోబప్ప, రాహేలమ్మ, కూతురు ఎస్తేరు, కోడలు జయశీల. జయశీల భర్త సామేలు ఏడాదిన్నర కిందట కామెర్లతో పోయాడు. అప్పటికి వాళ్ల పెళ్లయి పది నెలలు.

"నాలుగింటికీ పేర్లు బయటికే చెప్తాది నాయనా" అంది ఎస్తేరు గొంతు తగ్గించి. "ఐదోదానికి మాత్రం ఉత్త పెదాలే కదుల్తాయి. అన్న పేరు నోటికి రాదు పాపం."

యాకోబప్ప బూట్లు పక్కకు నెట్టాడు.

"ఏమే, రేషన్ ఆఫీసుకు పోయి వాని పేరు తీయించినోణ్ణి నేనే కదా. ఆ పొద్దు నాకేమీ అనిపించలేదనుకుంటివా? కార్డులో తీసేసినారు గానీ నీ డబ్బాలో వాడింకా తింటానే ఉండాడు."

"సామేలు దేవుని దగ్గర ఉండాడు. వానికింక ఆకలెక్కడిదయ్యా?"

"తెలిసి కూడా ఈ పనేమి?"

"తెలిసింది కాబట్టే పొద్దున్నే లేచి నీకు కాఫీ కాస్తాండాను. మొదట్లో లేస్తాంటినా?"

కొడుకు పోయాక మూడు నెలలు రాహేలమ్మ గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. సంఘం ఆడవాళ్లు రోజూ సాయంత్రం వచ్చేవాళ్లు. మెల్లగా పాటలు పాడి, ప్రార్థన చేసి, ఇంత వండిపెట్టి పోయేవాళ్లు. ఒకరోజు ఆమే లేచి కూర్చుని, వాళ్లతో గొంతు కలిపింది. మర్నాడు స్టవ్ తనే వెలిగించింది. ఆ తర్వాత ఆమె నవ్వడం కూడా విన్నారు.

అయినా కొన్ని సంగతులు ఇంట్లోవాళ్లకు మింగుడు పడేవి కావు. సామేలుకని క్రిస్మస్‌కు తెచ్చిపెట్టిన షర్టు గుడ్డ అతను పోయాక కూడా అట్లాగే ఉంది. తానన్నా కుట్టించుకుంటానని యాకోబప్ప అడిగితే, "నీ కొలతకు కాదులే" అని పెట్టె మూసేసింది. జయశీల ఆకుపచ్చ పట్టుచీర ఎస్తేరు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు ఈ బియ్యం.

"బియ్యం పోతే పోనీ" అన్నాడు యాకోబప్ప. "ఆ పిల్లను చూడు. నువ్వు ఐదోది తీసినప్పుడంతా లేచి బయటికి పోతాది. వాళ్లన్న జాబు రాసినాడు, చింతామణికి, పుట్టింటికి పిలుచుకొని పోతానని. గాయం ఇట్ల రోజూ గెలుకుతాంటే ఈ ఇంట్లో ఎట్ల ఉంటాదే?"

కొళాయి దగ్గర నుంచి బిందె తెచ్చిన జయశీల గుమ్మంలోనే ఆగింది. ఇరవై మూడేళ్ల పిల్ల. అంచు లేని తెల్ల చీర కట్టుకుంది.

"నా గురించి అత్తను ఏమీ అనొద్దు మామా" అంది. "నేను రాత్రికి కూడా రాగిముద్దే తింటాను. నా వంతు బియ్యం మిగుల్తాయి కదా. ఐదోది వెయ్యనీండి. ఆయన పేరుతో అత్తకు నెమ్మదిగా ఉంటే నాకూ అంతే చాలు."

రాహేలమ్మ కోడలి చేతిలోని బిందె అందుకుంది.

అన్నం వండాక నలుగురూ కింద కూర్చున్నారు. యాకోబప్ప ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి, రాహేలమ్మ జయశీల కంచంలో ముద్ద పక్కకు జరిపి అన్నం పెడుతోంది.

"కార్డులో పేరు తీసేసిన పొద్దే నేనూ వాని పిడికెడు ఆపేసినా" అంది, రోజువారీ మాటలాగే. "నాలుగు నెలలు నాలుగే పడినాయి డబ్బాలో. అప్పుడు ఒక్కరూ లెక్కపెట్టలేదు."

ఎస్తేరు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అట్లయితే ఈ ఐదోది ఎవరిదమ్మా? పేరెందుకు చెప్పవు?"

"తెలిస్తే కదా చెప్పేది. కొలత తెలిస్తే కదా ఆ షర్టు గుడ్డ కుట్టించేది." రాహేలమ్మ చారు గిన్నె భర్త వైపు జరిపింది. "రేపు గుడి అయినాక పాస్టరు అయ్యగారితో మాట్లాడతాండా. ఎస్తేరూ, మీ వదిన వాళ్లన్నకు జాబు రాయి. పిలుచుకొని పోను కాదు, కూర్చొని మాట్లాడను రమ్మని."

జయశీల తలెత్తి అత్త మొహంలోకి చూసింది.

"ఆ పిడికెడు నిన్ను చేసుకోబోయేవానిది తల్లీ."